అత్తమ్మకు యాపిల్ ఎలా పెడుతున్నానంటే

మా అత్తమ్మకు 74 ఏళ్లు. దవడ పళ్లు ఊడిపోయాక యాపిల్ నమలలేకపోయేది. జ్యూస్ తీసి, వడకట్టి ఇచ్చేదాన్ని. మంచిదే చేస్తున్నాననుకున్నాను. ఆమెకు షుగర్ ఉంది, మలబద్ధకం కూడా. పొద్దున బాత్రూమ్‌లో ఆమె పడే అవస్థ చూస్తే నాకు కడుపు తరుక్కుపోయేది. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "పిప్పి ఏం చేస్తున్నారు?" చెత్తబుట్టలో వేస్తున్నానని చెప్పాను.

యాపిల్‌లో మేలంతా ఎక్కువగా ఆ పారేసే దాంట్లోనే ఉందట. తొక్కతో ఒక మామూలు సైజు పండు తింటే సుమారు 4 గ్రాముల పీచు అందుతుంది. అందులో పెక్టిన్ అనేది నీళ్లు పీల్చుకుని జిగురులా మారుతుంది, విరేచనం మెత్తబడుతుంది. పేగుల్లో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది, దాన్ని మళ్లీ తయారు చేసుకోవడానికి ఒళ్లు కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది కాబట్టి, రోజూ తింటే కొలెస్ట్రాల్ కొంచెం తగ్గడానికీ తోడ్పడుతుంది. పండులోని తీపి నెమ్మదిగా రక్తంలోకి వెళ్లేదీ ఈ పీచు వల్లే. వడకట్టిన గ్లాసు జ్యూస్‌లో ఒకటికి మించి పళ్ల తీపి ఉంటుంది, దాన్ని ఆపే పీచు దాదాపు ఉండదు.

అందుకని ఇప్పుడు ఇలా చేస్తున్నాను. అర లీటరు నీళ్లలో ఒక చెంచా తినే సోడా కలిపి, పండును పావుగంట నానబెడతాను. పైన అంటుకున్న పురుగుమందు చాలావరకు పోతుంది, లోపలికి ఇంకింది మాత్రం పోదు. తర్వాత కుళాయి కింద ముచ్చిక దగ్గరి గుంటను వేలితో బాగా రుద్ది కడగాలి, దుమ్మంతా అక్కడే దాక్కుంటుంది.

నాలుగు ముక్కలు కోసి, గింజలు ఒక్కటి కూడా లేకుండా తీసేస్తాను. పొరపాటున ఒక గింజ మింగితే భయపడక్కర్లేదు కానీ, మిక్సీలో నలిగితే అందులోంచి సైనైడ్ విడుదలవుతుంది. అందుకే గింజల విషయంలో అశ్రద్ధ వద్దు. ముక్కలను తొక్కతోనే ఇడ్లీ ప్లేటులో పెట్టి 10 నిమిషాలు ఆవిరి పడతాను. మూత తీయగానే తొక్క ముడతలు పడి, కండ మీగడ రంగులోకి తిరిగి ఉంటుంది. చెంచా తగిలితే విడిపోవాలి, లేదంటే ఇంకో రెండు నిమిషాలు ఉంచండి. చల్లారాక మిక్సీలో తొక్కతో సహా ఒక్కసారి తిప్పి, చిటికెడు దాల్చినచెక్క పొడి చల్లుతాను. చక్కెర, తేనె వేయను. మరీ మెత్తగా రుబ్బవద్దు, షుగర్ ఉన్నవాళ్లకు కాస్త పలుకుగా ఉంటేనే మేలు.

మొదట సగం పండుతోనే మొదలుపెట్టాం. పీచు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది, నీళ్లు కూడా సరిపడా తాగాలి. కొందరికి యాపిల్ అసలు పడదు, గ్యాస్ పట్టేస్తుంది. అలాంటివాళ్లు బలవంతంగా తినక్కర్లేదు. పదకొండు గంటలప్పుడు, టిఫినుకీ అన్నానికీ మధ్య పెడతాను. షుగర్ మాత్రలు మాత్రం మామూలుగానే వేసుకుంటుంది, యాపిల్ తింటున్నాం కదా అని వాటిని ఆపకూడదు.

పళ్లు గట్టిగా ఉన్నవాళ్లకు ఈ ఆవిరి గొడవంతా ఎందుకు, కడిగి కొరుక్కు తినడమే.

కొనేటప్పుడు మెరుపు చూడకండి, చేతిలో బరువు చూడండి. బరువుగా, గట్టిగా ఉంటే రసం ఉన్నట్టు. తేలిగ్గా ఉన్నవి లోపల పిండి పిండిగా ఉంటాయి. దసరా రోజుల్లో కాశ్మీర్ పళ్లు బండ్ల మీద గుట్టలుగా వస్తాయి, నేను ఎక్కువగా కొనేది అప్పుడే. ఎండాకాలం ధర మండిపోతుంటే జామకాయ తెస్తాను. సి విటమిన్‌లో యాపిల్ దాని దరిదాపుల్లోకి కూడా రాదు, పీచూ జామలోనే ఎక్కువ. అయితే అత్తమ్మకు జామ గింజలు చిగుళ్లలో ఇరుక్కుంటాయి, అందుకని ఆమె వరకు ఒక్క పండైనా యాపిలే కొంటాను.

పది రోజులు తిన్నాక ఒక పొద్దున అత్తమ్మ బాత్రూమ్ నుంచి త్వరగా వచ్చి, "ఇయ్యాల సుఖంగా అయిందే బిడ్డా" అంది.