వర్క్‌షీట్లు బడికీ ఇంటికీ మధ్య పోకుండా చూసుకోవడం ఎలా?

వర్క్‌షీట్లు ఎక్కువగా పోయేది లాంగ్ బెల్లు కొట్టాక బ్యాగు సర్దుకునే రెండు నిమిషాల్లోనే. నాలుగు మడతలు పెట్టి చేతికందిన పుస్తకంలో దూర్చేస్తారు. మర్నాడు టైంటేబుల్లో ఆ సబ్జెక్టు లేకపోతే పుస్తకం ఇంట్లో ఉండిపోతుంది, దాంతోపాటే షీటూ.

1. విడి కాగితాలకు ఒకటే చోటు పెట్టండి. ఏ4 కాగితం మడవకుండా పట్టే ప్లాస్టిక్ బటన్ ఫోల్డర్, లోపలున్నది బయటికి కనిపించేది, ఒక్కటి చాలు. మధ్యలో అట్టముక్క పెట్టి ముందువైపు 'ఇంటికి', వెనకవైపు 'బడికి' అని రాయండి. చేయాల్సినవి, సంతకం కావాల్సినవి ముందు, పూర్తయినవి వెనక. సబ్జెక్టుకొకటి చొప్పున ఆరు కొన్నారంటే, ఏది ఎందులో ఉందో వెతుక్కోవడమే సరిపోతుంది.

2. షీటు చేతికి రాగానే పైన కుడి మూలలో పేరు, సెక్షన్, తేదీ రాయించడం అలవాటు చేయండి. ఇంటికొచ్చాక రాద్దామంటే ఆ లోపే పోతుంది.

3. బ్యాగు రాత్రే సర్దాలి. పొద్దున ఆటో హారన్ కొడుతుంటే టైంటేబుల్ ఎవరు చూస్తారు?

4. దిద్దిన షీట్లను ఆదివారం నోట్సులో అతికించండి. ఎడమ అంచున సెంటీమీటరు మేర గ్లూ స్టిక్ రాస్తే చాలు. నీళ్లగా ఉండే గమ్ షీటంతా పూస్తే కాగితం ముడతలు పడుతుంది, వెనకవైపు రాసింది చదవలేం. నోట్సు మధ్యలో కాగితం చించనివ్వకండి. కుట్టు పుస్తకంలో ఒకటి చించితే దాని జత కాగితం కూడా నాలుగు రోజుల్లో ఊడొస్తుంది.

5. బరువు చూడండి. 2020 నాటి స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం బ్యాగు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదు. అంటే 25 కిలోల పిల్లకి రెండున్నర కిలోలు. బరువు మిషన్ మీద బ్యాగుతో ఒకసారి, బ్యాగు లేకుండా ఒకసారి నిలబెడితే తేడా తెలిసిపోతుంది. చాలాసార్లు అసలు దొంగ లీటరు నీళ్ల బాటిల్! బడిలో మంచినీళ్లుంటే అర లీటరుది పంపండి. అయిపోయిన సెమిస్టర్ పుస్తకాలు ఇంట్లో దాచండి, పడేయకండి.

6. మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో, భాషలవి తప్ప, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. దాంతో పుస్తకం లావై, అన్నిటికంటే ముందు వీపు (పేజీలన్నీ కలిసే అంచు) దగ్గరే విడిపోతుంది. బ్రౌన్ షీటు వేసేటప్పుడు వీపు లోపల అదనంగా ఒక మడత పెట్టండి. అట్ట బిగించేముందు పుస్తకాన్ని ఒకసారి పూర్తిగా మూసి చూడండి. బిగుతుగా ఉంటే రెండో రోజే చిరుగుతుంది.

ఇక నవంబరు. తిరుపతి, చిత్తూరు వైపు ఈశాన్య రుతుపవనాల వానలు పడేది అప్పుడే. బ్యాగు పైన కవరుంటే సరిపోదు, నీళ్లు జిప్పులోంచి, అడుగు నుంచి దిగుతాయి. పుస్తకాలన్నీ లోపలే ఒక పెద్ద ప్లాస్టిక్ సంచిలో పెట్టండి. అయినా తడిస్తే అట్ట తీసేసి, పది పదిహేను పేజీలకోసారి తెల్లకాగితం పెట్టి ఫ్యాను కింద ఉంచండి. గంటకోసారి కాగితాలు మార్చండి. న్యూస్‌పేపర్ పెడితే సిరా అంటుతుంది. ఎండలో పెడితే త్వరగానే ఆరుతుంది గానీ పేజీలు అప్పడాల్లా వంకర్లు తిరుగుతాయి, తర్వాత ఎంత బరువు పెట్టినా దారికి రావు.