లైటు వెలుగుతుంది, సిస్టమ్ దొరకదు: మానిటర్ లేని మినీ పీసీతో తిప్పలు

ఇందుకూరుపేట వైపు మా రొయ్యల గుంటల దగ్గర, రేకుల షెడ్డులో కెమెరాల రికార్డింగ్ కోసం ఉబుంటు (ఒక రకం లినక్స్) వేసిన మినీ పీసీ ఒకటి పెట్టాం. మానిటర్, కీబోర్డు ఏవీ లేవు. నెల్లూరులో ఇంట్లో కూర్చుని ఎస్‌ఎస్‌హెచ్‌తో, అంటే నెట్‌వర్క్ మీదుగా కమాండ్లు టైపు చేసే పద్ధతిలో, లోపలికి వెళ్తాను. మొదట్లో అది పలకనప్పుడల్లా మానిటర్‌ని బండికి కట్టుకుని పరిగెత్తేవాణ్ణి. ఇప్పుడు జేబులో పట్టే చిన్న యూఎస్‌బీ కీబోర్డు చాలు.

సమస్య: కరెంటు పోయి వచ్చాక ఆన్ కాలేదు
చాలా మెషీన్లు కరెంటు తిరిగి వచ్చినా, బటన్ నొక్కేదాకా ఆఫ్‌లోనే ఉంటాయి. బయోస్‌లో (పీసీ ఆన్ కాగానే ముందు నడిచే సెట్టింగ్స్ ప్రోగ్రాం) ‘రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్’ లాంటి ఆప్షన్ ఉంటుంది, దాన్ని ‘పవర్ ఆన్’ చేయండి. దీనికి మాత్రం ఒకసారి మానిటర్ తప్పదు. పక్కనే ఉండే ‘లాస్ట్ స్టేట్’ జోలికి పోకండి. ఎవరైనా షట్‌డౌన్ చేసి ఉంటే, కరెంటు వచ్చినా ఆఫ్‌లోనే ఉండిపోతుంది.

సమస్య: లైటు వెలుగుతోంది, నెట్‌వర్క్‌లో లేదు
‘లైటు వెలుగుతానే ఉందన్నా’ అంటాడు గుంటల దగ్గరుండే అబ్బాయి. వెలుగుతుంది, అదే కదా తంటా! ముందు రూటర్ పేజీ తెరిచి, కనెక్ట్ అయిన వాటి జాబితా చూడండి. చాలాసార్లు పీసీ బాగానే ఉంటుంది, ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దానికి రూటర్ ఇచ్చే నంబరు) మారి ఉంటుంది. దాని మ్యాక్ అడ్రస్‌కి (నెట్‌వర్క్ కార్డుకి ఉండే సొంత గుర్తింపు నంబరు) రూటర్‌లోనే ఒక ఐపీ రిజర్వ్ చేస్తే ఈ గోల పోతుంది.

జాబితాలో లేకపోతే ల్యాన్ పోర్టు లైటు చూడండి. అదీ ఆరిపోయి ఉంటే కేబుల్ కొన మీద అనుమానపడండి. మా దగ్గర ఉప్పుగాలికి లోపలి పిన్నులు పచ్చగా చిలుము పట్టాయి. కొత్త కొన వేయించాక లైటు వచ్చింది.

కేబుల్ బాగుంటే కీబోర్డు పెట్టి నమ్ లాక్ నొక్కండి. దాని లైటు మారకపోతే సిస్టమ్ హ్యాంగ్ అయినట్టే, పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపాలి. మారితే అది ఎక్కడో ఆగి మన కోసం చూస్తోంది. బయోస్ ఏదైనా తప్పు చూపించి ఆగితే, చాలావాటిలో ఎఫ్1 నొక్కితే ముందుకెళ్తుంది. ఎఫ్1 నొక్కి రెండు నిమిషాలు ఆగండి. నెట్‌వర్క్‌లోకి వచ్చిందా, దాదాపుగా సెట్టింగులు గుర్తుంచే బయోస్ బ్యాటరీ అయిపోయినట్టే. సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ల అది. మినీ పీసీల్లో వైరుతో ఉండేది వస్తుంది, పాతది చూపించి కొనండి. అది చచ్చిపోతే ఇందాక మార్చిన పవర్ సెట్టింగ్ కూడా చెరిగిపోతుంది. మా దాంట్లో రెండు సమస్యలకీ మూలం ఆ బిళ్లే. అది తెలియక మూడుసార్లు అదే సెట్టింగ్ పెట్టి వచ్చాను.

ఎఫ్1కీ లేవకపోతే బయటి హార్డ్ డిస్క్ ఊడిందేమో చూడండి. ఎఫ్‌స్టాబ్ ఫైల్లో (బూట్ అయ్యేటప్పుడు తెరవాల్సిన డిస్కుల జాబితా) రాసిన డిస్క్ కనబడకపోతే లినక్స్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. డిస్క్ పెట్టి కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కండి. లేచాక ఆ ఫైల్లో ఆ డిస్క్ వరుసలో ‘నోఫెయిల్’ చేర్చండి, ఈసారి డిస్క్ లేకపోయినా ఆగదు.

సమస్య: రిమోట్ డెస్క్‌టాప్ నల్లగా ఉంది
మానిటర్ లేదని గ్రాఫిక్స్ చిప్ బొమ్మే గీయదు. మానిటర్ ఉన్నట్టు నమ్మించే హెచ్‌డీఎంఐ డమ్మీ ప్లగ్ పెడితే సరి.

సమస్య: మధ్యాహ్నం ఆగిపోతుంది
వేడి. మూత తీస్తే ఫ్యాన్ రెక్కలకి మేత పొడి అట్టకట్టి ఉంది. బ్రష్‌తో దులిపి, పీసీని మేత బస్తాల పక్కనుంచి తీసి కిటికీ వైపు గోడకి ఎత్తుగా బిగించాం.