అరుదైన మంద కుక్కల పెంపకం – మూడవ పాఠం: జత కుదర్చడం

గత రెండు పాఠాల్లో ఐస్లాండ్ గొర్రెల కాపరి కుక్క జాతి లక్షణాలను, ఆడకుక్కను చూలుకు సిద్ధం చేసే ముందు చేయించవలసిన పరీక్షలను చూశాం. ఈ పాఠంలో నేర్చుకోవలసిన పని ఒక్కటే. ఇంట్లో ఒకటో రెండో ఆడకుక్కలు మాత్రమే ఉన్న మనిషి, వాటికి తగిన మగకుక్కను కాగితం మీద లెక్కవేసి ఎంచుకోవడం. ఇందుకు ఒక పెన్సిలు, ఒక పెద్ద తెల్ల కాగితం, రెండు కుక్కల పూర్తి వంశావళి కావాలి. గణితం భిన్నాలను గుణించడం, కూడడం దాటి పోదు. అయినా ఈ కాస్త శ్రమ కూడా పడకుండా, దగ్గరి ఊళ్లో అందమైన మగకుక్క ఉందన్న ఒక్క కారణంతో జత కట్టించేవాళ్లే ఎక్కువ. డెన్మార్కులో నా మొదటి ఆడకుక్క విషయంలో నేనూ ఇంచుమించు అదే పొరపాటు చేశాను. ఆ సంగతి దాని చోట చెబుతాను.

ఈ జాతికి ఆ లెక్క ఎందుకంత అవసరమో తెలియాలంటే దాని చరిత్రను ఒకసారి తలచుకోవాలి. తొమ్మిదో శతాబ్దం చివర నార్వే నుంచి వలస వెళ్లినవాళ్లతో ఐస్లాండుకు చేరిన కుక్క ఇది. ఆ దీవికి సొంతమైన కుక్క జాతి ఇదొక్కటే. వేసవంతా కొండల మీద కాపలా లేకుండా మేసిన గొర్రెలను సెప్టెంబరులో ఊళ్లకు దింపేటప్పుడు, రాళ్ల చాటున నిలబడిపోయిన గొర్రెను మొరిగి కదిలించి మందలో కలపడం దీని పని. పంతొమ్మిదో శతాబ్దంలో డిస్టెంపర్ అనే, కుక్కల ప్రాణం తీసే అంటువ్యాధి వచ్చి పల్లెలకు పల్లెలే కుక్క లేకుండా అయిపోయాయి. ఒక్క కుక్క కోసం ఒక గుర్రాన్నీ రెండు గొర్రెలనూ ఇచ్చిన రైతులున్నారని ఇప్పటికీ చెబుతారు. 1950ల నాటికి ఈ జాతి కుక్కలు తూర్పున బ్రేయ్‌దాలూర్ వంటి మారుమూల లోయల్లోనే చెప్పుకోదగినన్ని మిగిలాయి. మార్క్ వాట్సన్ అనే ఆంగ్లేయుడు ఆ లోయలు తిరిగి కొన్నింటిని సేకరించి కాలిఫోర్నియాకు తరలించారు. 1960ల చివర ఓలాఫ్స్‌వెట్లిర్‌లో సిగ్రిదుర్ పేతుర్స్‌దోత్తిర్ అనే మహిళ, పశువైద్యుడు పాల్ పాల్సన్ సాయంతో, దొరికిన కొద్ది కుక్కలతోనే పెంపకం మొదలుపెట్టారు. 1969లో ఐస్లాండ్ కెన్నెల్ క్లబ్‌ను స్థాపించిన ముఖ్యోద్దేశం కూడా ఈ కుక్కను కాపాడడమే.

ఈనాడు వివిధ దేశాల్లో నమోదై ఉన్న ఐస్లాండ్ కుక్కల వంశాలను వెనక్కి లాక్కుంటూ పోతే చివరకు చేరేది 36 కుక్కల దగ్గరికి. వాటిలోనూ అన్నిటి వాటా సమానం కాదు. కొన్నిటి రక్తం ప్రతి ఇంటికీ చేరింది, కొన్నిటిది సన్నని దారంగా మాత్రమే మిగిలింది. కాబట్టి ఈ జాతిలో బంధుత్వం లేని జత అంటూ ఉండదు. అన్నీ చుట్టాలే. ఎంత దగ్గరి చుట్టాలో తెలుసుకోవడమే మన లెక్క.

తెలుగు ఇళ్లలో పుట్టినవాళ్లకు ఈ లెక్క తలకెక్కడం తేలిక, ఎందుకంటే మేనరికాలు మనకు కొత్త కాదు. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ ఒకే పూర్వికుడి జన్యువు వచ్చి బిడ్డలో కలుసుకునే అవకాశం ఎంతో చెప్పే అంకెను అంతఃప్రజనన గుణకం అంటారు. మేనమామ కూతుర్ని చేసుకుంటే పుట్టే బిడ్డకు అది 6.25 శాతం. అక్క కూతుర్ని చేసుకుంటే 12.5 శాతం. కుక్కల్లో తండ్రి ఒకటై తల్లులు వేరైన ఆడమగలను జత కట్టిస్తే పుట్టే పిల్లలకు కూడా సరిగ్గా 12.5 శాతమే. ఒకే తల్లికీ తండ్రికీ పుట్టిన తోబుట్టువులైతే 25 శాతం.

ఇప్పుడు కాగితం తీయండి. ఎడమవైపు మగకుక్క, కుడివైపు ఆడకుక్క పేరు రాసి, ఒక్కో దానిపైన తల్లిదండ్రులను, ఆపైన తాతలనూ అమ్మమ్మలనూ నాయనమ్మలనూ రాస్తూ వెళ్లండి. రెండు వైపులా కనిపించిన ప్రతి పేరుకూ ఒక రంగు పెన్సిలుతో సున్న చుట్టండి. ఆ పేరు ఉమ్మడి పూర్వికుడిది. మగకుక్క దగ్గర బయలుదేరి, గీతల వెంట పైకి ఎక్కి ఆ ఉమ్మడి పూర్వికుణ్ణి చేరుకుని, రెండోవైపు కిందికి దిగి ఆడకుక్క దగ్గర ఆగండి. ఆ దారిలో ఎన్ని కుక్కలు తగిలాయో లెక్కపెట్టండి; మొదటిదాన్నీ చివరిదాన్నీ పూర్వికుణ్ణీ కలుపుకోవాలి, పుట్టబోయే పిల్లను కలపకూడదు. ఎన్ని కుక్కలుంటే అన్నిసార్లు ఒకటిని సగం చేయండి.

ఒక ఉదాహరణ చూద్దాం. మగకుక్క తండ్రికి తండ్రి, ఆడకుక్క తల్లికి తండ్రి ఒకే కుక్క అనుకోండి. దానిని ‘క’ అందాం. దారిలో మగకుక్క, దాని తండ్రి, క, ఆడకుక్క తల్లి, ఆడకుక్క, మొత్తం అయిదు. ఒకటిని అయిదుసార్లు సగం చేస్తే ముప్పై రెండో వంతు, అంటే 3.125 శాతం. ‘క’తో పాటు దాని జంట ఆడకుక్క కూడా రెండు వైపులా ఉంటే ఇంకొక 3.125 కలిసి 6.25 అవుతుంది. ఇందాక చెప్పిన మేనమామ కూతురి లెక్క ఇలా వచ్చిందే. ఇక ‘క’ స్వయంగా తోబుట్టువుల జతకు పుట్టి ఉంటే, దాని సొంత గుణకం 25 శాతం గనుక, దాని దారి విలువను 1.25తో గుణించాలి, 3.125 కాస్తా 3.9 అవుతుంది. ఉమ్మడి పూర్వికులందరి దారులనూ ఇలా విడివిడిగా లెక్కించి కూడితే పుట్టబోయే పిల్లల గుణకం వస్తుంది.

ఇందులో చాలామంది తడబడే చోటు ఒకటుంది. ‘క’కు సున్న చుట్టాక, ‘క’ తల్లిదండ్రులు కూడా సహజంగానే రెండు వైపులా కనిపిస్తారు, కనుక వాళ్లకూ సున్న చుట్టాలనిపిస్తుంది. రెండు వైపులా ‘క’ ద్వారానే వచ్చిన వాళ్లను మళ్లీ లెక్కపెట్టకూడదు. ఒకే దారిలో ఒక కుక్క రెండుసార్లు రాకూడదన్న నియమం పాటిస్తే ఈ తప్పు జరగదు. కానీ ‘క’ తల్లి మరొక బిడ్డ ద్వారా కూడా ఆడకుక్క వైపు వచ్చి ఉంటే, అది వేరే దారి. దాన్ని తప్పక కలపాలి.

ఎన్ని తరాల దాకా వెళ్లాలన్నది అసలు ప్రశ్న. పెళ్లి సంబంధం చూసేటప్పుడు అటు ఏడు తరాలు ఇటు ఏడు తరాలు చూడాలని మన పెద్దలంటారు. ఈ కుక్కల విషయంలో ఏడు తరాలు చాలవు. 2009లో వెలువడిన ఒక పరిశోధన ఐస్లాండ్ కుక్కల మొత్తం వంశావళిని రెండు విధాలుగా లెక్కించింది: ఒకసారి ఏడు తరాలకే ఆపి, ఇంకోసారి మొదటి 36 కుక్కల దాకా వెళ్లి. రెండు లెక్కల ఫలితాలూ ఒకదానితో ఒకటి పొసగలేదు. ఏడు తరాల లెక్కను నమ్మి అంతకుముందు ఇచ్చిన సలహాలు నిలబడవని తేలింది. కుక్కల సంఖ్య పెరుగుతున్నా, ఒక దేశం నుంచి మరో దేశానికి కావాలని కుక్కలను పంపుకుంటున్నా, వైవిధ్యం మాత్రం చాలా భాగం జారిపోయిందని కూడా అదే పరిశోధన చెప్పింది.

నా పొరపాటు ఇక్కడే జరిగింది. నా చేతిలో ఉన్నది నాలుగు తరాల పెడిగ్రీ పత్రం. రెండు పత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్క పేరు కూడా రెండుసార్లు రాలేదు, కనుక దూరపు సంబంధమేనని ధైర్యపడి జత కట్టించాను. అయిదు పిల్లలు పుట్టాయి. వాటిని చూడడానికి వచ్చిన ఒక పెద్దావిడ, నలభై ఏళ్లుగా ఈ కుక్కలను పెంచుతున్న మనిషి, మా వంటింటి బల్ల మీద కాగితం పరిచి, నా పత్రాలు ఆగిన చోటి నుంచి పైకి గీతలు గీయడం మొదలుపెట్టారు. ఏ పేరు దగ్గరా ఆమెకు పుస్తకం చూడవలసిన అవసరం రాలేదు. తొమ్మిదో తరం దగ్గరికి వచ్చేసరికి అవే రెండు పేర్లు మళ్లీ మళ్లీ, రెండు వైపులా, కొమ్మకొమ్మకూ కనిపించాయి. కాగితం నిండా ఎర్ర సున్నలే. పిల్లలు ఆరోగ్యంగానే ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి. అయితే జాతికి ఆ ఈత వల్ల కొత్తగా దక్కినదేమీ లేదు. అప్పటికే ఎక్కువైపోయిన రక్తాన్నే నేను ఇంకొంచెం ఎక్కువ చేశాను. ఆ రోజు నుంచి పూర్తి వంశావళి ముందు పెట్టుకోకుండా నేను ఏ మగకుక్క యజమానికీ ఫోను చేయలేదు.

పది తరాలు దాటితే చేతితో గీయడం కష్టమే. ఈ జాతికి వివిధ దేశాల క్లబ్బులు 1996 నుంచి ఒక అంతర్జాతీయ సహకార వేదికగా కలిసి పనిచేస్తున్నాయి. వంశావళులన్నిటినీ ఒక్కచోట చేర్చిన డేటాబేస్‌లో ఊహాజతను నమోదు చేస్తే గుణకం క్షణంలో వస్తుంది. అయినా మొదటి నాలుగైదు తరాలను చేత్తో గీయమనే నేను పట్టుబడతాను. కంప్యూటరు అంకె చెబుతుంది. ఆ అంకె ఏ కుక్క వల్ల వచ్చిందో చేత్తో గీసినవాళ్ల కంటికే ఆనుతుంది.

గుణకం తక్కువగా ఉంటే చాలదు, మగకుక్క జాతి మొత్తంలో ఎంత అరుదైన రక్తమో కూడా చూడాలి. ప్రదర్శనల్లో బహుమతులు గెలిచిన మగకుక్క కోసం అందరూ వస్తారు. మన లెక్కలో గుణకం తక్కువే రావచ్చు. కానీ ఇప్పటికే అరవై పిల్లలున్న మగకుక్కతో మనం వేయించే ఈత, పదేళ్ల తరువాత ఇంకొకరి కాగితం మీద ఎర్ర సున్న అవుతుంది. యాభై ఆడకుక్కలకు అయిదే మగకుక్కలను వాడితే, నాలుగును ఆడవాటి సంఖ్యతో, మగవాటి సంఖ్యతో గుణించి, వచ్చినదాన్ని మొత్తం కుక్కల సంఖ్యతో భాగించాలన్న సూత్రం ప్రకారం, ఆ యాభై అయిదు కుక్కలు జన్యువుల దృష్టిలో పద్దెనిమిదితో సమానం. అదే యాభైకి ఇరవై అయిదు మగకుక్కలను వాడితే అరవై ఏడు. అందువల్ల ఇంతవరకూ ఎవరూ అడగని, పల్లెలో గొర్రెల వెంట తిరిగే, మంచి స్వభావమున్న నాలుగేళ్ల మగకుక్క యజమానిని వెతికి వెళ్లి అడగండి. ఆయన తన కుక్క పెంపకానికి పనికొస్తుందని ఎన్నడూ అనుకుని ఉండకపోవచ్చు.

ఆడకుక్క వైపు కూడా ఇలాంటి లెక్కే ఉంది. దాని పిల్లల్లో ఒక్కదానికే మళ్లీ పిల్లలు పుడితే, దాని జన్యువుల్లో సగం అక్కడితో జారిపోతాయి. రెండింటికి పుడితే సగటున ముప్పాతిక భాగం నిలుస్తుంది. మూడింటికి పుడితే ఎనిమిదింట ఏడు వంతులు. కనుక పిల్లలను ఇచ్చేటప్పుడే, రెండేళ్లు నిండాక తుంటి ఎక్స్‌రే, కంటి పరీక్ష చేయించి మాకు తెలియజేయాలని కొన్నవాళ్లతో మాట్లాడుకోవాలి. ఒకే జతను మళ్లీ మళ్లీ కట్టించే బదులు రెండో ఈతకు వేరే మగకుక్కను తెచ్చుకోవడం మంచిది.

ఆరోగ్య లోపాల దగ్గర కొత్తవాళ్లు రెండు వైపులా పొరపడతారు. కొందరు ఏమీ పట్టించుకోరు, కొందరు చిన్న మచ్చ కనిపించినా ఆ కుక్కను పక్కన పెట్టేస్తారు. వృషణం కడుపులోనే ఉండిపోయిన మగకుక్కను, మనుషులను చూసి బెదిరి కరవబోయే కుక్కను నేను ఏ కారణంతోనూ వాడను. కానీ ఎక్స్‌రే చూసి తుంటి కీలుకు ఇచ్చే గ్రేడు, అన్నిటికన్నా మెరుగైన ‘ఏ’కు బదులు ‘సి’ వచ్చినంత మాత్రాన, అరుదైన రక్తమున్న, కొండలెక్కి పనిచేస్తున్న ఆడకుక్కను వదులుకోవడం దుబారా. దాన్ని ‘ఏ’ గ్రేడు మగకుక్కతో జతచేసి, పిల్లల్లో తుంటి బాగున్నదాన్ని తరువాతి తరానికి ఎంచుకోవచ్చు. ఇద్దరికీ ఒకే లోపం ఉండకూడదన్నదే గట్టిగా పట్టుకోవలసిన నియమం. వెనక కాళ్లకు ఉండే జంట బొటనగోళ్ల విషయం కూడా ఇలాంటిదే. పుట్టిన రోజున పిల్లను అరచేతిలో వెల్లకిలా పెట్టుకుంటే, మడమ లోపలి వైపు బియ్యపుగింజంత గోళ్లు రెండు పక్కపక్కన మెత్తగా తగులుతాయి. అది ఈ జాతి అందం. ఒక కాలికి ఒక్కటే ఉన్న పిల్లను అందుకోసం పెంపకం నుంచి తీసేయడం మాత్రం న్యాయం కాదు.

లెక్క తప్పినవాళ్ల దారి ఎటు పోతుందో నార్వేలో చూడవచ్చు. సముద్రపు కొండ చరియల్లో ఒకప్పుడు పఫిన్ పక్షులను పట్టిన, కాలికి ఆరు వేళ్లున్న లుండెహుండ్ అనే జాతి గుప్పెడు కుక్కల నుంచి మళ్లీ పెరిగింది. పేగుల జబ్బు, పిల్లలు తక్కువ పుట్టడం దాన్ని వదలలేదు. చివరకు వేరే జాతులతో సంకరం చేయక తప్పలేదు. అందుకు ఎంచుకున్న జాతుల్లో మన ఐస్లాండ్ కుక్క కూడా ఉంది. ఇంకొక జాతికి రక్తమివ్వగల స్థితిలో ఇది ఇప్పటికైతే ఉంది.

ఈ వారం అభ్యాసం: ‘క’ అనే కుక్క మగకుక్కకు తండ్రి, ఆడకుక్కకు తల్లి తరఫు తాత. ‘ఖ’ అనే కుక్క మగకుక్కకు అమ్మమ్మ, ఆడకుక్కకు నాయనమ్మ. ‘క’ సవతి తోబుట్టువుల జతకు పుట్టింది, కాబట్టి దాని సొంత గుణకం 12.5 శాతం. ఇంకే ఉమ్మడి పూర్వికుడూ లేదనుకుని పిల్లల గుణకం కట్టండి. 10.16 శాతం దగ్గర రావాలి, 9.375 వస్తే ‘క’ సొంత గుణకాన్ని మరిచిపోయారని అర్థం. ఇది సరిగా వచ్చాక మీ సొంత కుక్క పత్రం తీయండి. వచ్చే పాఠంలో ఎద రోజులను, జత కట్టించే రోజును ఎలా గుర్తించాలో చూద్దాం.