కాగితంపై ముద్రించిన కళాచిత్రాలకు ఇంట్లోనే పటం కట్టుకోవడం ఎలా?

లినోకట్, ఎచింగ్, లితోగ్రాఫ్ వంటి చేతిముద్రణ చిత్రాన్ని గానీ, నూలు కాగితంపై పిగ్మెంట్ సిరాతో తీసిన డిజిటల్ ప్రింటును గానీ విజయవాడలోనో గుంటూరులోనో పటాలు కట్టే షాపుకు తీసుకువెళితే, చాలాచోట్ల వెనకంతా జిగురు రాసి హార్డ్‌బోర్డుకు అతికించడమో, లామినేషన్ చేయడమో జరుగుతుంది. క్యాలెండరు బొమ్మకూ పెళ్లి ఫోటోకూ అది సరిపోతుంది. అవి పాడైతే ఇంకొకటి తెచ్చుకోవచ్చు. కింది అంచున పెన్సిలుతో 12/50 (అంటే యాభై ప్రతుల్లో పన్నెండోది) అని సంఖ్య, పక్కన కళాకారుడి సంతకం ఉన్న ప్రింటు అలాంటిది కాదు. దానికి ఏం చేసినా, ఎప్పుడు కావాలంటే అప్పుడు కాగితానికి దెబ్బ తగలకుండా విప్పగలిగేలా చేయాలి. ఈ వ్యాసంలోని పద్ధతులన్నీ ఆ ఒక్క నియమం మీద ఆధారపడినవే.

ముందుగా ప్రింటును చదును చేయడం

చేతులు సబ్బుతో కడుక్కుని, పూర్తిగా తుడుచుకున్న తరువాతే ప్రింటును ముట్టుకోవాలి; మన ఉక్కపోతలో చెమట వేళ్ల గుర్తులు వెంటనే కనబడకపోయినా కొన్నేళ్లకు గోధుమరంగు మచ్చలుగా తేలతాయి. ఎప్పుడూ రెండు చేతులతో ఎదురెదురు మూలల దగ్గర పట్టుకోవాలి. ఒక చేత్తో ఎత్తితే బొటనవేలి దగ్గర నెలవంక ఆకారంలో సన్నని నొక్కు పడుతుంది, వెలుతురుకు ఏటవాలుగా పెట్టి చూస్తే అది స్పష్టంగా కనిపిస్తుంది, ఆపైన ఎంత బరువు పెట్టినా పోదు. గొట్టంలో చుట్టి వచ్చిన ప్రింటును వెనక్కి వంచి సరిచేయకుండా, ఒక పూట తెరిచి వదిలేసి, తరువాత రెండు శుభ్రమైన తెల్ల కాగితాల మధ్య ఉంచి, పైన పలక, పలక మీద పుస్తకాలు పెట్టి రెండు మూడు రోజులు కదిలించకుండా ఉంచాలి. ఇస్త్రీ పెట్టె జోలికి పోవద్దు. చట్రంలో పట్టలేదని ప్రింటు అంచులను కత్తిరించవద్దు.

అట్ట, జిగురు

వెనక పెట్టే అట్టకూ, ముందు కిటికీలా కోసే మౌంట్ బోర్డుకూ ఆమ్లరహితమైనవే వాడాలి. మామూలు అట్టలో చెక్కగుజ్జుతోపాటు చెక్కకు గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. వార్తాపత్రికను ఎండలో పెడితే పసుపెక్కడానికి కారణం అదే. అలాంటి బోర్డు కిటికీ అంచు కొన్నేళ్లకు గోధుమరంగుకు తిరిగి, ప్రింటు మీద చుట్టూ చతురస్రపు గీతలా మచ్చ దింపుతుంది. బోర్డు తెల్లగా ఉన్నంత మాత్రాన చాలదు, దాని మీద 'యాసిడ్ ఫ్రీ' అని ఉండాలి.

జిగురు విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. సెల్లో టేపు కొన్నాళ్లకు ఊడిపోతుంది గానీ దాని బంక కాగితంలోకి ఇంకి మిగిలిపోతుంది. తెల్ల వడ్రంగి జిగురు ఒకసారి ఆరితే నీటికి కరగదు. బైండింగు వాళ్లు పురుగు పట్టకుండా మైదా గంజిలో కలిపే మైలుతుత్తం కాలక్రమంలో కాగితాన్ని పెళుసుబారుస్తుంది. ప్రింట్లకు సరైనది గోధుమ పిండిపదార్థంతో కాచిన గంజి. గోధుమ హల్వా చేసే ఇళ్లలో దీని సగం పని అందరికీ తెలిసినదే: గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, అడుగున పేరుకున్న తెల్లని పిండిని ఉంచి పైనీళ్లు ఒంపేయాలి. ఆ పిండిని రెండు మూడుసార్లు మంచినీటితో కడిగి, ఒక వంతుకు నాలుగైదు వంతుల నీళ్లు పోసి, సన్నని మంట మీద అరగంటసేపు కలియబెడుతూ గాజులా మెరిసేదాకా కాచి, చల్లారాక పలుచని గుడ్డలో వడగట్టాలి. ఫ్రిజ్‌లో పెడితే కొద్దిరోజులు వాడుకోవచ్చు. వాసన మారితే పారేయాలి.

ప్రింటును వేలాడదీయడం

ప్రింటును నాలుగు వైపులా అతికించకూడదు. గాలిలోని తేమకు కాగితం సాగుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. రోళ్లు పగిలే రోహిణీ కార్తె వెళ్లి వానలు పడగానే మన ఊళ్లలో ఈ మార్పు మరీ ఎక్కువ. నాలుగు వైపులా బిగించిన కాగితానికి సాగే దారి లేక అలలు అలలుగా ఉబ్బుతుంది. అందుకే పైఅంచు దగ్గర రెండుచోట్ల మాత్రమే పట్టు ఇచ్చి, మిగతా ప్రింటును స్వేచ్ఛగా వదలాలి.

ఇందుకు జపనీస్ టిష్యూ అనే పొడవాటి నారల పలుచని కాగితం కావాలి. రెండు, మూడు సెంటీమీటర్ల వెడల్పున రెండు ముక్కలను కత్తెరతో కాకుండా, తడి కుంచెతో గీత గీసి చేత్తో చింపితే అంచున నారలు మిగిలి, అతికించిన చోట గట్టు కనబడదు. ప్రింటును బోర్లించి, ఒక్కో ముక్క కింది అంచుకు మాత్రం పలుచగా గంజి రాసి, ప్రింటు వెనక పైఅంచుకు అర సెంటీమీటరు మేర అతికించి, పైన తడిని పీల్చే బ్లాటింగ్ కాగితం, చిన్న బరువు పెట్టి గంటసేపు ఆరనివ్వాలి. తరువాత ప్రింటును తిప్పి వెనక అట్ట మీద సరిగ్గా అమర్చి, పైకి పొడుచుకొచ్చిన టిష్యూ మీదుగా అడ్డంగా మరో ముక్కను అట్టకు అతికించాలి. టిష్యూ ఎప్పుడూ ప్రింటు కాగితం కంటే బలహీనంగానే ఉండాలి. పటం కింద పడితే టిష్యూ చిరగాలి గానీ ప్రింటు కాదు. గంజి పని వద్దనుకునేవారు పారదర్శకమైన పాలిస్టర్ మూలలను అట్టకు అంటించి వాటిలో ప్రింటును దోపవచ్చు, అయితే పెద్ద ప్రింటు మధ్యలో వంగుతుంది.

అద్దం

ప్రింటు అద్దానికి ఎట్టి పరిస్థితిలోనూ తగలకూడదు. తేమకు సిరా అద్దానికి అంటుకుంటే విడదీయడం దాదాపు అసాధ్యం. మౌంట్ బోర్డు ఉండేది అందానికి మాత్రమే కాదు, ఆ ఖాళీ కోసం కూడా, కనీసం 1.5 మిల్లీమీటర్ల మందం ఉండాలి. అతినీలలోహిత కిరణాలను ఆపే ఖరీదైన అద్దం మంచిదే గానీ, రంగులు వెలిసేది మామూలు వెలుతురుకు కూడా కాబట్టి ఆ డబ్బు పెట్టే ముందు సరైన గోడను ఎంచుకోమని నా సలహా.

గోడ, నిర్వహణ

మ్యూజియాల్లో కాగితపు చిత్రాలకు 50 లక్స్ (వెలుతురును కొలిచే యూనిట్) వెలుతురును ప్రమాణంగా పాటిస్తారు. మన హాలు కిటికీ దగ్గర పగటి వెలుగు అంతకు ఎన్నో రెట్లు. వెలుతురు చేసే నష్టం ఏ రోజుకారోజు కలుస్తూ పోతుంది, వెనక్కి రాదు. కనుక ఎండ తగలని లోపలి గోడను ఎంచుకుని, నాలుగైదు నెలలకొకసారి ప్రింటును మార్చి, పాతదాన్ని చీకట్లో ఉంచడం మేలు. పడమటి గోడ, బాత్‌రూమ్‌ను ఆనుకున్న గోడ, వానకు చెమర్చే బయటి గోడ, దీపం మసి చేరే పూజగది పనికిరావు.

చట్రం కింది మూలలకు వెనకవైపు రబ్బరు బుడిపెలు అంటిస్తే గోడకూ పటానికీ మధ్య గాలి ఆడుతుంది. బల్లులకు కూడా ఆ సందు ఇష్టమే, కాబట్టి చట్రం వెనకభాగాన్ని గట్టి కాగితంతో పూర్తిగా మూసివేయాలి. లేకపోతే అవి లోపల గుడ్లు పెడతాయి. దసరా నాటికి పటాలు దించి, చెదల మట్టిగీతలు ఉన్నాయేమో చూడాలి. కలరా ఉండలను చట్రం లోపల పెట్టవద్దు. అద్దం తుడిచే ద్రవాన్ని గుడ్డ మీదే చల్లాలి. పటం మీద చల్లితే అంచు నుంచి లోపలికి కారుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తినట్లు నీళ్లు ఇంట్లోకి వస్తే, తడిసిన ప్రింటును వెంటనే చట్రం నుంచి తీసి, బ్లాటింగ్ కాగితం మీద ముఖం పైకి ఉండేలా పరిచి, నీడలో, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా ఆరబెట్టాలి. రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది. అద్దానికి అతుక్కున్నదాన్ని లాగవద్దు. అద్దం కిందికి వచ్చేలా బల్లపరుపుగా ఉంచి, అలాగే ఆరనిచ్చి, కాగితపు కళాఖండాలను బాగుచేసే నిపుణులకు చూపించాలి.