పిట్టలు చూడ్డానికి మొదటిసారి వస్తున్నారా, కాకుల్ని కూడా లెక్కపెట్టాలి మరి

"ఓ ఆదివారం నన్ను కూడా తీసుకెళ్లండి" అని ఎవరన్నా అంటే నేను అడిగేది ఒకటే, పొద్దున ఐదింటికి లేస్తారా అని. ఎందుకంటే వెలుగు వచ్చిన దగ్గర్నుంచి తొమ్మిదింటి దాకానే అసలు సందడి, ఎండెక్కాక పిట్టలన్నీ నీడకి పోతాయి, మనం కూడా టిఫిన్‌కి పోతాం. మొదలుపెట్టడానికి నవంబర్ నుంచి ఫిబ్రవరి మంచి టైం, వలస పిట్టలు అప్పుడే ఉంటాయి.

హైదరాబాద్‌లో ఉంటే డెక్కన్ బర్డర్స్ ఉంది. 1980లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ అని మొదలైన క్లబ్బే ఇది, వాళ్ల న్యూస్‌లెటర్ పేరు కూడా 'పిట్ట', నాకు భలే నచ్చే పేరు. ట్రిప్ ఎప్పుడుందో కనుక్కుని వెళ్లిపోవడమే, పుస్తకం చదివి ప్రిపేర్ అయ్యి వెళ్దాంలే అనుకుంటే ఎప్పటికీ వెళ్లరు (నేను అలా రెండేళ్లు పోగొట్టుకున్నా). గుంటూరు వైపు వాళ్లకి ఉప్పలపాడు చెరువుంది, గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ చెరువు మధ్యలో చెట్లమీద కనపడతాయి, సూళ్లూరుపేట వైపయితే నేలపట్టు. ఏదీ దగ్గర్లో లేకపోతే మీ ఊరి చెరువు చాలు, నిజంగానే చాలు.

ఏం తీసుకెళ్లాలి అంటే టోపీ, నీళ్లు, చిన్న నోట్‌బుక్, పెన్సిల్. బట్టలు మట్టి రంగువో ఆకుపచ్చవో వేసుకోండి. బైనాక్యులర్ కొనేట్టయితే 8×42 తీసుకోండి, అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు లెన్స్ 42 మిల్లీమీటర్లు. 20 రెట్లు, 30 రెట్లు అని అమ్మేవాటి జోలికి పోవద్దు, చేతిలో వణుకుతుంటే పిట్ట కాదు కదా చెట్టు కూడా కనపడదు. వాడేటప్పుడు కళ్లు పిట్ట మీదే ఉంచి బైనాక్యులర్‌ని కళ్ల దగ్గరికి తీసుకురండి, కిందకి చూసి మళ్లీ పైకి చూస్తే అది ఎగిరిపోయి ఉంటుంది. చెరువు దగ్గర ఎండ మీ వీపు మీద పడేలా నిలబడండి, ఎదురెండలో అన్నీ నల్ల పిట్టలే.

గుర్తుపట్టడానికి ముందు సైజు చూడండి, పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా? తర్వాత ముక్కు, తోక, నడక. రంగు చివర్లో. మన పసులపోలిగాడిని చూడండి, నల్లగా ఉందంటే సరిపోదు, నల్లవి బోలెడు, తోక చేపతోకలా చీలి ఉంటే అప్పుడు అదే. మెర్లిన్ యాప్ అరుపు విని పేరు చెప్తుంది కానీ అది చెప్పిందని రాసెయ్యకండి, కళ్లతో చూసి రాయండి, లేదా ఆ అరుపు మీకు బాగా తెలిసి ఉండాలి.

ఇప్పుడు అసలు విషయం, లెక్క. కొత్తవాళ్లు ఫ్లెమింగో కనపడితే ఫోటో తీసి పెట్టేస్తారు, పక్కన నీళ్లలో ఉన్న నలభై నామాలకోళ్లనీ ఆరు బుడుబుంగల్నీ వదిలేస్తారు. అలా చెయ్యొద్దు. చూసిన పిట్టల లిస్టు రాసుకునే ఈబర్డ్ యాప్ ఆన్ చేసి కనీసం 15 నిమిషాలు, గుర్తుపట్టిన ప్రతి పిట్టా ఎంటర్ చెయ్యండి, కాకి, గోరింక, పావురంతో సహా. చివర్లో గుర్తుపట్టినవన్నీ రాశారా అని అడుగుతుంది, నిజంగా అన్నీ రాస్తేనే అవును అనండి. ఎందుకంత పట్టింపు అంటే, అన్నీ రాసిన లిస్టులో పాలపిట్ట లేదంటే అది మీకు కనపడలేదని అర్థం, అట్లాంటి వంద లిస్టుల్లో ఒకప్పుడు ఎన్నిట్లో ఉండేది, ఇప్పుడు ఎన్నిట్లో ఉంది అని చూస్తేనే తగ్గిందా పెరిగిందా తెలుస్తుంది. 2023లో వచ్చిన దేశవ్యాప్త పక్షుల రిపోర్టు 942 జాతుల గురించి చెప్పగలిగింది ఇట్లా మామూలు జనం రాసిన లిస్టులతోనే, పాలపిట్ట తగ్గుతోందని తేలింది కూడా అక్కడే.

పెద్ద గుంపైతే ముందు పది పిట్టలు లెక్కపెట్టి అవి ఎంత జాగా ఆక్రమించాయో చూస్కోండి, అట్లాంటి జాగాలు గుంపులో ఎన్నున్నాయో లెక్కేసి పదితో హెచ్చించండి. ఇంట్లో పళ్లెంలో గుప్పెడు శనగలు చల్లి అంచనా వేసి తర్వాత లెక్కపెట్టుకుంటే వారంలో చెయ్యి తిరుగుతుంది, మొదట్లో అందరూ తక్కువే చెప్తారు. ఈ పనితనం జనవరిలో పనికొస్తుంది, ఏటా అప్పుడు నీటిపక్షుల గణన ఉంటుంది, మన దేశంలో 1987 నుంచి జరుగుతోంది. ఫిబ్రవరిలో ఇంకో నాలుగు రోజుల లెక్క, అది మేడ మీద నుంచి కూడా చెయ్యొచ్చు.

గూళ్ల దగ్గరికి వెళ్లి ఫోటోలు తియ్యొద్దు. తల్లి లేచిపోతే గుడ్లు ఎండకి మాడతాయి, కాకి కూడా అక్కడే కాచుకుని ఉంటుంది. ఫోన్‌లో అరుపు ప్లే చేసి పిలవడం కూడా వద్దు. దసరాకి పాలపిట్టని పంజరంలో పెట్టి చూపించి డబ్బులడుగుతారు చూడండి, అస్సలు ఇవ్వకండి, దాన్ని పట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, ఫారెస్ట్ వాళ్లకి ఫోన్ చెయ్యండి. దసరా రోజు పొద్దున్నే పొలాల వైపు వెళ్తే కరెంటు తీగల మీద ఫ్రీగానే కనపడుతుంది, చూస్తే పుణ్యం కూడా మీదే.

ఇంకోటి, పశువుల కాపరి కనపడితే ఆగి మాట్లాడండి. కలివికోడి అనే అరుదైన పిట్ట 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు, 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర రాత్రి టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టింది అక్కడి మనిషే. మనం లాటిన్ పేరు వెతుక్కుంటూ ఉంటాం, వాళ్లు "అదా, అది రాత్రిపూట తిరిగేది" అనేస్తారు. అందుకే నోట్‌బుక్‌లో ఒక పేజీ వదిలి ఆ ఊళ్లో ఏ పిట్టని ఏమంటారో రాసుకోండి, ఎందుకంటే ఊరూరికీ పేరు మారుతుంది, మా ఇంట్లోనే అమ్మ ఒకటంటుంది, నాన్న ఇంకోటంటాడు.