ముప్పై దాటాక జూడో మొదలుపెట్టేవాళ్లకు: మొదటి ఆరు నెలలు

జూడోలో చేరగానే ఎవరినీ పడెయ్యనివ్వరు. మనల్నే పడమంటారు. నేను 38వ ఏట చేరాను. అప్పటికి పన్నెండేళ్లుగా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం, పొద్దున లేస్తే పట్టేసిన మెడ, మూడో అంతస్తు ఎక్కితే ఆయాసం. మొదటి మూడు వారాలు సార్ నాకు నేర్పింది ఒక్కటే: వెనక్కి పడటం, పక్కకి పడటం, ముందుకి దొర్లడం. దాన్ని ఉకెమి అంటారు. మార్షల్ ఆర్ట్స్ నేర్చుకుంటే ఒంటికి ఏం లాభమని ఎవరడిగినా, నాలుగేళ్ల తర్వాత కూడా నేను ముందు చెప్పేది దాని గురించే.

వెనక్కి పడటం ఇలా నేర్చుకుంటారు. నిలబడి కాదు, ముందు గొంతుక్కూర్చుని. గడ్డం ఛాతీకి ఆనించి, చూపు నడుముకున్న బెల్టు ముడి మీద పెట్టాలి. తల వెనక్కి వేలాడకుండా కాపాడేది ఆ చూపే. వీపు గుండ్రంగా వంచి వెనక్కి దొర్లాలి. వీపు మ్యాట్‌కి తగిలే క్షణంలోనే రెండు చేతులతో, అరచేతి నుంచి మోచేతి దాకా ఒకేసారి ఆనేలా, మ్యాట్‌ని గట్టిగా చరచాలి. చేతులు ఒంటికి మరీ దూరం పోకూడదు, 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉండాలి. దెబ్బ ఒక్కచోట దిగకుండా ఎక్కువ మేర పరుచుకుంటుంది. కాలు జారితే ఎవరైనా చెయ్యి చాచి ఆపుకోబోతారు. మణికట్టు, భుజం దగ్గరి ఎముక విరిగేది ఎక్కువగా అలాగే. ఆ అలవాటును వందలసార్లు పడి మాన్పించాల్సిందే, చదివితే పోదు.

రెండో ఏడాదిలో ఒకసారి తడి బాత్రూంలో జారాను. ఆలోచించే వ్యవధి లేదు. గడ్డం దానంతటదే లోపలికి వచ్చింది, చెయ్యి నేలను చరిచింది. గచ్చు కాబట్టి అరచెయ్యి రెండ్రోజులు వాచింది, తుంటి మీద నల్లగా కమిలింది. తలకు ఏమీ కాలేదు. ఆ రోజు సార్‌కి ఫోన్ చేసి చెబుతుంటే నా గొంతు వణికింది.

ఇక ఒంట్లో వచ్చే మార్పులు. మొదటి వారం మెడ ముందువైపు, తొడల లోపలివైపు, ముంజేతులు నొప్పి పెడతాయి. జూడో దుస్తుల కాలర్ పట్టుకుని లాగడం వల్ల వేళ్లు ముడుచుకోవు. ఈ నొప్పి క్లాసు అయిన రోజు కంటే రెండో, మూడో రోజు ఎక్కువగా ఉంటుంది, భయపడకండి. కండ నొప్పి వెడల్పుగా, బరువుగా ఉండి, కాస్త కదిలితే తగ్గుతుంది. కీలు దగ్గర ఒక్కచోట పొడిచినట్టుండి, వాపుంటే మాత్రం అది గాయం. ఆ రోజు ఆపేసి చూపించుకోండి.

శ్వాస సంగతి వేరుగా చెప్పాలి. కొత్తలో రెండు నిమిషాల పట్టుకే నాకు కళ్లు తిరిగేవి. స్టామినా లేదనుకున్నాను. అసలు సంగతి, పట్టు పడగానే ఊపిరి బిగబట్టేదాన్ని. బలం పెట్టే ప్రతిసారీ గాలి బయటికి వదలమన్నారు. కరాటేలో దెబ్బతోపాటు వేసే కేకకు ఉన్న ఒక ఉపయోగం కూడా ఇదే: గాలి ఒక్కసారిగా వదిలితే పొట్ట కండరాలు బిగుసుకుని నడుముకు ఆసరా దొరుకుతుంది. ఈ ఒక్కటి పట్టుబడ్డాక నా రెండు నిమిషాలు ఐదయ్యాయి.

నెలన్నరకు బలం పెరిగినట్టు తెలుస్తుంది కానీ అద్దంలో ఏమీ కనిపించదు. మొదట్లో పెరిగే బలం చాలావరకు నరాలది, ఉన్న కండను ఎక్కువగా, సమయానికి వాడటం మెదడు నేర్చుకుంటుంది. కండ పెరగడం ఆ తర్వాత. స్నాయుబంధనాలు, అంటే కండను ఎముకకు కట్టి ఉంచే తాళ్లు, ఇంకా నెమ్మది. వాటికి రక్త ప్రసరణ తక్కువ. నేను పొరబడింది ఇక్కడే. నాలుగో నెలలో ఉత్సాహం కొద్దీ వారానికి రెండు క్లాసులను ఐదు చేశాను. కండలు ఒప్పుకున్నాయి, మోచెయ్యి ఒప్పుకోలేదు. ఆరు వారాలు ఇంట్లో కూర్చున్నాను. మొదటి ఆరు నెలలూ వారానికి రెండు, మహా అయితే మూడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే కనీస వ్యాయామం వారానికి 150 నిమిషాలు మధ్యస్థంగా, లేదా 75 నిమిషాలు తీవ్రంగా. గంటంబావు చొప్పున రెండు క్లాసులు చాలు.

నిలకడ ఎప్పుడొచ్చిందో నాకే తెలియలేదు. ఒకరోజు గోడ పట్టుకోకుండా ఒంటికాలి మీద నిలబడి సాక్స్ వేసుకుంటున్నానని గమనించాను.

జూడోనే ఎందుకంటే, 1882లో టోక్యోలో కానో జిగొరో పాత జుజుత్సు నుంచి దీన్ని మలిచినప్పుడు, ప్రమాదకరమైన దెబ్బలను సాధన పోటీలోంచి తీసి విడిగా కటాల్లో, అంటే ముందే నిర్ణయించిన వరుసలో చేసే కదలికల్లో, ఉంచాడు. అందుకే ఎదుటివాళ్లను గాయపరచకుండానే పూర్తి బలంతో సాధన చేయొచ్చు. మీకు కాళ్లతో తన్నడం ఇష్టమైతే కరాటే, టైక్వాండో మంచివే. కాకపోతే పక్కనుంచి తన్నేటప్పుడు నేలమీదున్న పాదం కూడా తిరగాలి, లేకపోతే మోకాలు మెలిపడుతుంది. ఆరోగ్యం కోసమే నేర్చుకునేవాళ్లు తలకు దెబ్బలు తగిలే స్పారింగ్‌కు, అంటే జతగా కొట్టుకునే సాధనకు, దూరంగా ఉండమని నా గట్టి మాట.

చేరేముందు ఒక క్లాసు పక్కన కూర్చుని చూడండి. ఎవరైనా ఇక చాలని చేత్తో తట్టగానే ఎదుటివాళ్లు వెంటనే వదిలేస్తున్నారా? తలకు దెబ్బ తగిలినవాళ్లను ఆ రోజుకు ఆపేస్తున్నారా? కొత్తవాళ్లను ఎవరితో జత కడుతున్నారు? నేను మొదట వెళ్లిన చోట రెండో రోజే నాకంటే ముప్పై కిలోలు ఎక్కువున్న మనిషితో పట్టుకు దింపారు. మోకాలు మెలిపడింది, వాళ్లు "అలవాటవుతుందమ్మా" అన్నారు. ఇలాంటి మాట వినబడితే వచ్చేయండి. బీపీ, గుండె, వెన్నుపూస సమస్యలున్నా, గర్భంతో ఉన్నా డాక్టర్‌ను అడగకుండా చేరొద్దు. గోళ్లు కత్తిరించుకోండి, దుస్తులు ప్రతి క్లాసుకీ ఉతకండి. తామర మ్యాట్ మీద సులువుగా అంటుకుంటుంది.

మొదటి క్లాసుకు ముందు ఇంట్లోనే చేయగలిగింది ఒకటుంది. చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, తల రెండంగుళాలు ఎత్తి బొడ్డు వైపు చూడండి. ఊపిరి బిగబట్టకండి. పది సెకన్లకే నా తల వణికిపోయేది. రోజూ మూడుసార్లు చేస్తూ ముప్పై సెకన్ల దాకా తీసుకెళ్లండి, మెడలో పోటు వస్తే ఆపండి. సార్ "గడ్డం లోపలికి" అన్నప్పుడు మీ మెడ ఆ మాట వింటుంది.