పక్కింటి ఉత్తరం మన డబ్బాలో పడితే

ముందు కవరు మీద పేరు, ఇంటి నంబరు పూర్తిగా చదవండి. చింపాక చూసుకోవడం కంటే ఇది తేలిక. ఒకవేళ పొరపాటున చింపేస్తే, లోపలిది చదవకుండా టేపు వేసి "మాది అనుకుని తెరిచాం" అని ఒక్క ముక్క రాసి ఇచ్చేయండి. ఎవరూ ఏమీ అనుకోరు.

పక్కవాళ్లు ఇంట్లో లేకపోతే తలుపు కింద నుంచి పూర్తిగా లోపలికి తోసేయండి. సగం బయటికి కనబడేలా వదిలితే, ఇంట్లో ఎవరూ లేరని ఊరందరికీ చెప్పినట్టే. ఏటీఎం కార్డు, చెక్కుబుక్కు ఉన్నట్టు అనిపించే కవర్లు మాత్రం చేతికే ఇవ్వాలి, పిల్లలతో పంపొద్దు. సంతకం అడిగే ఉత్తరమైతే అసలు తీసుకోకండి. సంతకం పెట్టారంటే రికార్డులో అది చేరిపోయినట్టే, తర్వాత వెతుక్కునే టెన్షన్ వాళ్లది.

ఇల్లు ఖాళీ చేసిన వాళ్ల ఉత్తరమైతే "ఈ చిరునామాలో లేరు" అని పైన రాసి పోస్ట్‌మ్యాన్‌కి తిరిగి ఇవ్వండి. పంపినవారి చిరునామా మీద గీతలు పడకూడదు, తిరిగి వెళ్లాల్సింది అక్కడికే.

ఇదే తప్పు పదే పదే జరుగుతుంటే పోస్ట్‌మ్యాన్‌ని తిట్టే ముందు గేటు వైపు ఒకసారి చూడండి. 16, 16/ఏ లాంటి నంబర్లు రంగు వెలిసి ఉంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు? రెండిళ్ల వాళ్లూ కలిసి పెద్ద అక్షరాలతో రాయించుకోండి.